పైడయ్య జ్వరం

అనగనగా ఒక ఊళ్ళో గోపాలస్వామి ఉండేవాడు. సన్నాయి వింటే గానీ ఆయన నిద్ర లేచేవాడు కాదు! ఊఁ కొట్టండర్రా. మీరు ఊఁ కొట్టకపోతే ఈ కథా లేవదు.

ఆ సన్నాయి ఊదేవాడు పైడయ్య. తెల్లారకముందే గుడి మెట్ల మీద కూర్చుని మేలుకొలుపు అందుకునేవాడు. అప్పుడు పూజారి ఆచార్యులుగారు తలుపులు తీసేవారు. ఆ తర్వాతే ఊళ్ళో కోళ్ళు కూసేవి.

అలాంటి పైడయ్య ఒకసారి పెళ్ళిళ్ళకి ఊది ఊది అలిసొచ్చి, బడలిక తీరుతుందని ముంతెడు కల్లు తాగాడు. ఆ తర్వాత బడలిక లేకపోయినా తాగాడు. ఆ తర్వాత తాగకపోతే చేతులు వణకడం మొదలైంది. అప్పుడిక అది సరదా కాదు నాన్నా, జబ్బు.

ఒకనాడు తెల్లారినా సన్నాయి మోగలేదు. ఆచార్యులుగారు వెతుక్కుంటూ వచ్చారు. పైడయ్య భార్య వరాలు గుమ్మానికి అడ్డంగా నిలబడి, "జ్వరమండీ" అంది.

అయ్యో పాపమని పక్కింటి నూకమ్మవ్వ మిరియాల కషాయం కాచి తెచ్చింది. పైడయ్య ఒక్క గుక్క మింగి మంచం మీంచి గంతేశాడు.

మళ్ళీ సన్నాయి మోగలేదు. మళ్ళీ "జ్వరమండీ" అంది వరాలు. అప్పుడు గొర్రెలు కాసే వీరన్న గొంగళ్ళు మోసుకొచ్చాడు. నడివేసవిలో! "చెమట పట్టనీ బావా, అదే దిగుతుంది" అని మెడదాకా కప్పేశాడు.

మూడోసారీ "జ్వరమే" అంది. ఆ తర్వాత ఏమైంది? వీధి ఆడవాళ్ళంతా వేపమండలతో వచ్చి విసిరారు. ఇల్లంతా ఆకులే. పైడయ్య ముక్కులో కూడా ఒకటి దూరింది! నవ్వండి, నవ్వండి, ఫరవాలేదు.

వరాలు మాత్రం నవ్వలేదు. అబద్ధం చెప్పాక దానికి కాపలా కాయాలి కదా! నీళ్ళకి ఒక్కతే వెళ్ళేది. భజనకి రావడం మానేసింది. ఎవరు పిలిచినా ఉలిక్కిపడేది.

ఇంతలో స్వామి కల్యాణం దగ్గరపడింది. "ఆనాటి మేలుకొలుపుకైనా సన్నాయి మోగాలి కదా! పైడయ్యకి చేతకాకపోతే గుడి సన్నాయి గుడికిచ్చెయ్యమనండి. పొరుగూరి అతనికి ఇద్దాం" అన్నారు ఊరి పెద్దలు. అది పైడయ్య తాత ఊదిన సన్నాయి. అది కూడా పోతే ఆ మనిషి మంచం దిగుతాడా?

వరాలు పొయ్యి ముందు కూర్చుని కళ్ళొత్తుకుంటోంది. అప్పుడు కూతురు మంగ, మీ అంతదే, వచ్చి చెవిలో అంది. "అమ్మా, నాన్న జ్వరం ఏ ముంతలో ఉందో నాకు తెలుసు. పారబొయ్యనా?"

"పారబోస్తే ఇంకో ముంత తెచ్చుకుంటాడే తల్లీ."

"మరైతే అందరికీ చెప్పేద్దామా?"

వరాలు మంగ చెయ్యి పట్టుకుని భజనకి వెళ్ళింది. తాళాలు ఆగాయి. "జ్వరం కాదండీ, తాగుడు. దాచడం ఇక నావల్ల కావడం లేదు" అంది.

అప్పుడు నూకమ్మవ్వ లేచింది. "పిచ్చిమొహమా, మాకు ముక్కులు లేవనుకున్నావా? కల్లు వాసన గొంగట్లో దాగుతుందా? ఉత్తచేతుల్తో వస్తే నువ్వు తలుపు తియ్యవని కషాయం పట్టుకొచ్చానే!"

"నేనూ అంతే" అని వీరన్న తల గోక్కున్నాడు. "గొంగళ్ళే కాస్త ఎక్కువయ్యాయి."

"జబ్బన్నావు, అది నిజమే తల్లీ. పేరు మార్చి చెప్పావంతే. పేరు తెలిస్తేనే కదా మందు!" అన్నారు ఆచార్యులుగారు. ఆ తర్వాత పెద్దలవైపు తిరిగి, "కల్యాణం దాకా సన్నాయి అతని ఇంట్లోనే ఉండనివ్వండి. అందాకా నేను గంట కొట్టి లేపుతాను. విసుక్కుంటే స్వామి నన్నే విసుక్కుంటాడు" అన్నారు.

వరాలు ఇంటికొచ్చింది. "ఏమయ్యా, ఇక నీకు జ్వరమని చెప్పను. అబద్ధాన్ని వదిలేశాను, నిన్ను మాత్రం వదల్లేదు" అంది.

"నా పరువు తీశావు! నాకేం జబ్బు?" అని పైడయ్య విసురుగా సన్నాయి అందుకుని ఊదాడు. అది "పీఁ" అంది. దొడ్లో మేక "మే" అని బదులిచ్చింది. మంగ కిసుక్కున నవ్వింది. పైడయ్య కూడా నవ్వబోయి, ఏడ్చేశాడు. "నన్ను ఎక్కడికైనా తీసుకెళ్ళి బాగుచెయ్యవే" అన్నాడు.

అప్పుడు వీరన్న బండి కట్టాడు. పట్నంలో డాక్టరమ్మ చేతుల వణుక్కి మందిచ్చింది. పైడయ్య చెప్పిందంతా ఓపిగ్గా వింది. ఆ తర్వాత వరాలుని విడిగా కూర్చోబెట్టి, "నువ్వూ అలిసిపోయావమ్మా. నీ మాటా చెప్పు" అంది. వరాలుని ఆ మాట ఎవరూ అడగలేదు అంతవరకూ.

ఊరికొచ్చాక, సాయంత్రం కల్లుపాక గుర్తొచ్చే వేళకి వీరన్న వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. ఒకప్పుడు తాగి మానేసినవాళ్ళు ఇంకొందరు వచ్చేవారు. నూకమ్మవ్వ కషాయం తెచ్చేది, ఈసారి బెల్లం వేసి!

అయినా పైడయ్య ఒకరోజు జారాడు. తాగేశాడు. మర్నాడు తెల్లారకముందే తానే గుడికెళ్ళి, "ఆచార్యులుగారండీ, జ్వరం కాదండీ. నిన్న తాగాను" అన్నాడు తలొంచుకుని.

"స్వామి ఇంకా లేవలేదు, నువ్వు లేచి వచ్చావు. ఇవాళ్టికి అది చాలు. రా, కూర్చో. డాక్టరమ్మకి కూడా చెబుదాం" అన్నారాయన.

కల్యాణం రోజు వచ్చింది. మంగ శ్రుతి పట్టింది. పైడయ్య సన్నాయి ఎత్తాడు. మొదట "పీఁ" అంది. దూరంగా మేక "మే" అంది! పైడయ్య నవ్వుకుని, గుండెల నిండా ఊపిరి పీల్చి మళ్ళీ అందుకున్నాడు. అబ్బ, ఏం మేలుకొలుపు! తలుపులు తెరుచుకున్నాయి. కోళ్ళన్నీ కూశాయి. స్వామి ముఖం కళకళలాడిపోయింది.

వరాలేదీ అంటారా? ఇంటి తలుపులు బార్లా తీసిపెట్టి, అందరికంటే ముందొచ్చి కూర్చుంది. భజన తాళాలు ఆవిడ చేతిలోనే ఉన్నాయి.

దాచిన మాట వాకిట్లోకి,
ఊదిన పాట స్వామి చెవికి,
కథేమో నడిచిపోయె కంచికి,
కునుకొచ్చి ఎక్కె మన మంచానికి!