భూపతిగారి విస్తరి పరీక్ష

పైడిమెట్ట అనే రాజ్యం ఒకటుండేదట. ఎక్కడుండేదో నన్నడగొద్దు, మా తాతకే తెలియదు. దాన్ని ఉద్దండభూపతి ఏలేవాడు. మనసు వెన్నే గానీ, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

ఆ రాజ్యంలో తొలకరికి విత్తనాలు లేని రైతులకు కోటలోని గాదెల్లోంచి అప్పిచ్చేవారు. పంట వచ్చాక కాస్త కలిపి తిరిగి కొలవాలి. తిండీ బట్టా పోగా ఆ ఇంట్లో ఏం మిగులుతుందో చూడకుండా ఇస్తే, ఇచ్చినవాడికి నష్టం, పుచ్చుకున్నవాడికి ఉరి. అందుకని ఇంటి ఖర్చు విచారించాకే అప్పు. అంతవరకూ సవ్యంగానే ఉంది. చిక్కల్లా విచారించే పద్ధతిలో వచ్చింది.

"ఒకరు చెప్పింది నేను నమ్మను. స్వయంగా వెళ్లి భోంచేసి వస్తాను. విస్తరి చూస్తే ఇంటి ఖర్చు తెలిసిపోతుంది" అన్నాడు భూపతి.

ముందురోజు దండోరా. మర్నాడు పల్లకీ, వెనక పరివారం. రాజు ఇంటికొస్తుంటే గంజి పోసే ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందా? ఏ గడప తొక్కినా బూరెలూ, పులిహోరా, గడ్డపెరుగూనూ. ఆయన సుష్టుగా తిని, మూతి తుడుచుకుని, "అప్పు చేసి పప్పు కూడు తినే ఇంటికి మళ్లీ అప్పా? ఇవ్వను" అని పల్లకీ ఎక్కేవాడు. పైగా సభలో కూర్చుని, "నా రాజ్యంలో పేదవాళ్లు లేరు, నేను తిని చూశాను" అని మీసం దువ్వేవాడు.

ఒకనాటి పొద్దున అంకమ్మ అనే రైతుబిడ్డ కోట గుమ్మం దగ్గర కూలబడి ఏడుస్తోంది. మొగుడు పోయాడు. ఇంట్లో ముసలి అత్త, చిన్న కూతురు. అటుగా వస్తున్న మల్లుభట్టు ఆమెను చూసి ఆగాడు. ఈయన ఆస్థానంలో చమత్కారి. నోరు పదునే గానీ ఎదుటివాళ్ల కష్టం చూస్తే ఊరుకోలేడు.

"ఏమైంది తల్లీ?"

"దొరవారు నిన్న మా ఇంట భోంచేశారు బాబూ. ఏం పెట్టను? విత్తనానికని దాచిన మినుములు రెండు మానికలుంటే నానబోసి గారెలు వండాను. నెయ్యి కరణంగారింట బదులు తెచ్చాను. తిన్నారు, అప్పు ఇవ్వనన్నారు. ఉన్న విత్తులూ పోయాయి. చేను మంచి పదును మీదుంది. రేపోమాపో ఆరిపోతే ఇంకేం చల్లినా మొలవదు. ఈ ఏడు మా అత్తకూ పిల్లకూ ఏం పెట్టాలి?"

భట్టు ఆమెను లేవదీశాడు. "ఇంటికి పో తల్లీ. పొద్దువాలేలోగా ఏదో ఒకటి చేస్తాను" అన్నాడు.

భోజనాల వేళకు సరిగ్గా రాజు దగ్గర తేలాడు.

"ప్రభూ, నిన్న అంకమ్మ ఇంట గారెలు బాగున్నాయా?"

"అబ్బ, అడగకు భట్టూ. పైన కరకర, లోపల దూది. మన వంటవాడికి ఈ జన్మకు రాదు."

"రోజూ అవే తింటారు కదా ఆ ఇంట్లో."

"తింటారు కాబట్టే అప్పు ఇవ్వలేదు."

"అయితే ఇవాళా వండే ఉంటారు. ఇక్కడ కాకరకాయ కూర నమలడం దేనికి? పల్లకీ, దండోరా అంటూ కూర్చుంటే చల్లారిపోతాయి. ఇద్దరం నడిచి పోదాం."

భూపతికి నోరూరింది. బయల్దేరాడు.

వెళ్లేసరికి అంకమ్మ ఇంట్లో రాగి అంబలి, నంజుకోను ఒక పచ్చిమిరపకాయ. రాజును చూసి ఆమె నిలువునా నీరైపోయింది.

"గారెలేవమ్మా?" అన్నాడు భూపతి.

"ఇవాళ లేవు దొరా."

"రోజూ వండరా?"

మూల కూర్చున్న అత్తకు చూపు సరిగ్గా ఆనదు. వచ్చిందెవరో తెలియదు. "రోజూనా నాయనా? నా పెళ్లినాడు తిన్నాను. మళ్లీ నిన్న రాజుగారి విస్తట్లో వాసన చూశాను" అంది.

అంకమ్మ గిన్నె తీసుకుని కరణంగారింటికి నేతికి పరిగెత్తబోయింది. భట్టు అడ్డం నిలబడ్డాడు. "వద్దు తల్లీ. ఉన్న బాకీ చాలు."

భూపతి ముఖం ఎర్రబడింది. "అంటే నిన్న లేని కలిమి చూపించి నన్ను మోసం చేశారన్నమాట. దీనికి శిక్ష ఏమిటో తెలుసా?"

అంకమ్మ చేతులు జోడించింది.

"శిక్షించాల్సిందే ప్రభూ" అన్నాడు భట్టు. "కాకపోతే ఇదే నేరం మొన్న కోటలోనూ జరిగింది. ముందు అది తేల్చండి."

"కోటలోనా? ఎవడు వాడు?"

"పొరుగు రాజు చుట్టపుచూపుగా వచ్చినప్పుడు మనకున్నవి రెండు ముసలి ఏనుగులు. సామంతుల దగ్గర అరువు తెచ్చి వీధి పొడుగునా నిలబెట్టాం. ఇన్నింటిని రోజూ ఎలా మేపుతారండీ అని ఆయన నోరు వెళ్లబెట్టాడు."

భూపతి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మెల్లగా అనవయ్యా. అది మోసం కాదు. ఇంటికొచ్చినవాడికి మర్యాద."

"కోటలో ఏనుగులతో చేశాం, ఈమె గారెలతో చేసింది. అప్పు చేసి పప్పు కూడు అని తమరే తీర్పిచ్చారు. అప్పు చేసింది ఈమె, పప్పు తిన్నది తమరు. అదీ విత్తనాల పప్పు."

భూపతి పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి అక్కడే నేలమీద చతికిలబడి, "నాకూ కాస్త అంబలి పొయ్యమ్మా" అన్నాడు. తాగాడు. మిరపకాయ కొరికి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"రోజూ ఇదేనా?"

"ఉన్ననాడు ఇదే దొరా."

"అయితే ఎన్ని విత్తులు ఇస్తే తిరిగి కొలవగలవు?"

"చేనుకు పట్టినన్ని చాలు. ఎక్కువిస్తే తీర్చలేను. మా తిండికి ఉంచుకుని మిగతాది కొలుస్తాను."

"సరే. అందులో రెండు మానికలు మాత్రం అప్పు కాదు, అది నా బాకీ. కరణంగారి నెయ్యి కూడా నా లెక్కే" అన్నాడు భూపతి. పొద్దు వాలకముందే మినుముల మూట అంకమ్మ గుమ్మంలో దిగింది. మల్లుభట్టు చేతికి బంగారు కడియం పడింది. ఇకమీదట విచారణకు వెళ్లేవాళ్లు చెప్పకుండా వెళ్లాలనీ, చద్దిమూట తమదే కట్టుకెళ్లాలనీ ఆజ్ఞ అయింది.

చేను విరగకాసింది. అంకమ్మ అప్పు కొలిచేసి, "ఈసారి దొరవారిని దండోరా వేసుకునే భోజనానికి రమ్మనండి" అని భట్టుతో కబురంపింది.

భూపతి వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. చెయ్యి పెట్టబోయి ఆగాడు.

"నెయ్యి ఎవరిదమ్మా?"

"మాదే దొరా. మినుములూ మావే. తినండి."

"ఉండు" అని భూపతి విస్తరిని ముసలమ్మ ముందుకు జరిపాడు. "ముందు మీ అత్త తిననీ. పెళ్లినాటి నుంచి కాచుకుని కూర్చుంది."