కంచు నెమలికి సొట్ట

కోనవీటి రాజుల పాత వస్తువులుండే మహలులో చిట్టా రాసేది తిరుపాలమ్మ. ఏ వస్తువు వచ్చినా ముందు దాని పగుళ్లూ సొట్టలూ రాసుకునేది. "అందం ఎవడైనా పోతపోస్తాడు, దెబ్బ మాత్రం దేనిది దానిదే" అనేది.

దివాన్ నరసరాజు కూతురి పెళ్లిపందిట్లో పెడతానని కంచు నెమలిని పట్టుకెళ్లాడు. దాన్ని పొరుగు రాజుకు అమ్మేసి, అచ్చం అలాంటిదే పోతపోయించి తెచ్చాడు. చేతిలోకి తీసుకోగానే తిరుపాలమ్మకు బరువు తేడా తెలిసిపోయింది.

"ముట్టిందని రాయవే! లేదంటే దొంగవి నువ్వేనని చెబుతా" అని గుడ్లురిమాడు దివాన్.

ఆమె బెదరలేదు. చిట్టా తిరగేసి, "తోక కింద చింతగింజంత సొట్ట ఉండాలే, దొరా! అది కనబడందే రాయను" అంది.

"పొరపాటున మా ఇంటిది వచ్చింది. రేపు అసలుది తెస్తా" అని నసిగాడు.

మర్నాడు నిండు కొలువులో సొట్టతో సహా నెమలిని పెట్టాడు. "ఇదే అసలుది. ఇప్పుడు రాయి!"

తిరుపాలమ్మ చిట్టా తీసి రాజు ముందు పరిచింది.

"చదవండి, మహాప్రభో. 'కంచు నెమలి. ఒక్క సొట్టా లేదు.' నిన్న నేను చెప్పింది పచ్చి అబద్ధం. అది నమ్మి ఈ నకిలీ నెమలికి సుత్తి దెబ్బ వేయించి తెచ్చింది దివాన్‌గారు. అసలు నెమలి ఎక్కడుందో ఆయన్నే అడగండి!"