నలభై రోజుల నెమ్మది

వకుళాదేవి గారు అడిగిన రోజునే జవాబు చెప్పే మనిషి కాదు. కళాశాలలో మనస్తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యాక, తెనాలిలో తన ఇంటి ముందుగదిలోనే కూర్చుని పిల్లల బాధలు వినేవారు. ఆ పని నేర్చుకుందామని వచ్చిన ఇద్దరు ముగ్గురు ఆమెను అమ్మగారనే పిలిచేవారు. వాళ్లు ఏదైనా అడిగితే "చూద్దాంలే" అని కళ్లద్దాలు తుడుచుకునేవారు. జవాబు వారానికో నెలకో వచ్చేది. ఒక్కోసారి అడిగినవాడు అడిగిన సంగతే మరిచిపోయాక వచ్చేది.

వాళ్లలో మురహరికి అంత ఓపిక లేదు. ఇరవయ్యారేళ్లవాడు, చదువులో చురుకు, ఎవరి కష్టమైనా తొందరగా తీర్చెయ్యాలన్న ఆరాటం ఉన్నవాడు. ఒకనాడు అతను అడిగాడు:

"పిల్లలకు ఫోను రోజుకు ఎంతసేపు ఇవ్వచ్చు అమ్మగారూ? వచ్చిన ప్రతి తల్లీ తండ్రీ ఇదే అడుగుతున్నారు. ఏదో ఒకటి తేల్చి చెప్పాలి కదా."

"చూద్దాంలే" అన్నారావిడ.

అతనికి ఆ మాట రుచించలేదు. తేల్చి చెప్పడం ఆమెకు చేతకాకపోలేదని అతను కళ్లారా చూశాడు. అంతకు కొన్నాళ్ల ముందు, డిగ్రీ చదివే ఒక అమ్మాయి తిండీ నిద్రా మాని ఫోనులోనే పడి ఉంటోందని ఇంట్లోవాళ్లు తీసుకొస్తే, అమ్మగారు నలభై రోజుల పాటు ఆ ఫోను తీసి దాచెయ్యమన్నారు. ఆ నలభై రోజులూ ఆ అమ్మాయిని సాయంత్రం పూట తన దగ్గరకు రప్పించుకుని, పెరట్లో పక్కన కూర్చోబెట్టుకుని, చిక్కుళ్లు ఒలుస్తూ కబుర్లాడేవారు. అమ్మాయి తేరుకుంది. మురహరి తన నోటుపుస్తకంలో 'నలభై రోజులు' అని రాసుకుని కింద గీత గీసుకున్నాడు. చిక్కుళ్ల సంగతి రాసుకోవాలని తోచలేదు.

ఆ వేసవిలో అమ్మగారు కంటి ఆపరేషనుకని గుంటూరులో చెల్లెలి ఇంటికి వెళ్లి నెలన్నర ఉండిపోయారు. ముందుగది మురహరి చేతికి వచ్చింది.

వెళ్లిన పది రోజులకు వీరాంజనేయులు అనే ఆయన, భార్యతో, కూతురితో వచ్చాడు. ఆటో సామాన్ల కొట్టు ఉంది ఆయనకు. కూతురు నాగలతకు పద్దెనిమిదేళ్లు. పుట్టు చెవుడు, అందుకని మాటా రాలేదు. పదో తరగతి దాకా దూరపు ఊళ్లో బధిర పిల్లల హాస్టల్లో ఉండి చదివింది. రెండేళ్ల నుంచి ఇంట్లోనే ఉంటోంది.

"ఏడు గంటలండీ రోజుకి" అన్నాడు వీరాంజనేయులు, కూతురి ఫోను తీసి అందులో లెక్క చూపిస్తూ. "పిలిస్తే పలకదు... అంటే, తట్టినా తల తిప్పదు. అన్నం కంచం పక్కన కూడా అదే. వాళ్ల నాయనమ్మ చెయ్యి పట్టుకుని లాగితే విదిలించి కొట్టింది మొన్న."

మురహరి ఆ అమ్మాయితో కూడా మాట్లాడాలనుకున్నాడు. అది తన బాధ్యత. కాగితం ముందుపెట్టి, 'ఫోనులో ఏముంది నీకు?' అని రాశాడు. ఆ అమ్మాయి చాలాసేపు ఆలోచించి, గుండ్రని అక్షరాలతో మూడు మాటలు రాసింది.

'ఫోను నా మాట.'

అతనికది సగంలో ఆగిన వాక్యంలా కనిపించింది. 'పూర్తి చెయ్యి' అని కింద రాశాడు. నాగలత అతని ముఖంలోకి ఒకసారి చూసి, కొత్తగా ఏమీ రాయకుండా, ఆ మూడు మాటల కిందే గట్టిగా గీత గీసింది. కలం ములుకు దిగి కాగితం చిరిగింది.

"చూశారా, ఎంతగా అతుక్కుపోయిందో" అన్నాడు మురహరి తల్లిదండ్రులతో. "నలభై రోజులు పూర్తిగా తీసెయ్యండి. బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. మొదట్లో గొడవ చేస్తుంది, చలించొద్దు. తర్వాత కొద్దికొద్దిగా ఇద్దాం."

గొడవ చేసింది. మూడు రోజులు బీరువా ముందు నుంచి కదల్లేదు. నాలుగో రోజు లేచి వెళ్లి పడుకుంది. ఇరవై రోజులకు తల్లీ తండ్రీ కలిసి వచ్చి మురహరికి ఒక మామిడిపళ్ల బుట్ట ఇచ్చారు.

"మీ చలవ వల్ల ఇల్లు నెమ్మదించింది సార్" అన్నాడు వీరాంజనేయులు. "చెప్పిన పని చేస్తోంది. బియ్యం ఏరుతుంది, బట్టలు మడత పెడుతుంది, తొమ్మిదికల్లా పడుకుంటుంది. అసలు ఇంట్లో ఉన్నట్టే ఉండదు."

ఆ చివరి మాటను మురహరి పొగడ్తగానే విన్నాడు. ఆ పూట మామిడిపండు కోసుకుని తింటూ, అమ్మగారు రాగానే ఈ సంగతి చెప్పాలనుకున్నాడు.

అమ్మగారు వచ్చిన మూడో రోజున నాగలత తల్లి ఒక్కతే పరుగులాంటి నడకతో వచ్చింది.

"పిల్లకి ఏదో అయిందమ్మా. నాలుగు రోజుల నుంచి పెరట్లో గోడకేసి చూస్తూ చేతులు తిప్పుకుంటోంది. ఎవరో ఎదురుగా ఉన్నట్టే. నవ్వుతుంది, మళ్లీ కళ్లు తుడుచుకుంటుంది. పక్కింటివాళ్లు గాలి సోకిందంటున్నారు. మా అత్తగారు తాయెత్తు కట్టించమంటోంది."

అమ్మగారు జరిగిందంతా తల్లి నోటా, కాగితం సంగతి మురహరి నోటా విన్నారు. ఒక్కసారి మురహరి వైపు చూశారు. చెప్పులు తొడుక్కుని, "పద" అన్నారు.

వాళ్లు వెళ్లేసరికి మధ్యాహ్నం మూడు. పెరట్లో బట్టలుతికే రాయి దగ్గర నాగలత నిలబడి ఉంది. ఆమె చేతులు ఆగకుండా కదులుతున్నాయి. వేళ్లు విచ్చుకుంటున్నాయి, మడుచుకుంటున్నాయి, గుండె మీదికి వచ్చి మళ్లీ బయటకు సాగుతున్నాయి. మధ్యలో ఆగి, ఎదుటివాళ్లు చెప్పేది చూస్తున్నట్టు గోడ వైపు చూసి, తల ఊపి, మళ్లీ మొదలుపెడుతోంది. మురహరి ఆ చేతులనే చూశాడు. అందులో పిచ్చి ఏమీ లేదు. ఒక మనిషి మాట్లాడుతోంది, అంతే. ఇన్నాళ్లుగా అక్కడ లేనిది వినేవాళ్లు.

అమ్మగారు తల్లిని అడిగారు: "ఈ చేతుల మాట మీ ఇంట్లో ఎవరికి వచ్చు?"

"మాకెందుకు వస్తుందమ్మా? అన్నం, నీళ్లు, రా, పో... అవి సైగ చేస్తే తెలుస్తాయిగా. ఆ మాత్రం చాలదా?"

"ఫోనులో ఎవరితో మాట్లాడేది?"

తల్లి తల దించుకుంది. "హాస్టల్లో పక్క మంచం పిల్ల, ఝాన్సీ అని. రేపల్లె అవతల వాళ్లది. పదేళ్లు కలిసి ఉన్నారు. ఇద్దరూ పొద్దస్తమానం అందులో ఒకరికొకరు కనపడుతూ చేతులు తిప్పుకునేవాళ్లు. శబ్దమా, చప్పుడా? అదీ ఒక పనేనా అనుకున్నాం." కొంగు సర్దుకుని, "మిగతా సేపు ఏవో బొమ్మలు చూసేదిలెండి, అందరి పిల్లల్లాగే" అంది.

కబురందుకుని వీరాంజనేయులు కొట్టు నుంచి వచ్చి, బీరువా తీసి, ఫోను కాస్త చార్జింగు ఎక్కించి తెచ్చాడు. అమ్మగారు దాన్ని మురహరి చేతికిచ్చి, "నువ్వే ఇవ్వు" అన్నారు.

నాగలత ఫోను తెరిచింది. ఝాన్సీ చేసిన వీడియో కాల్స్ వరసగా కిందికి కిందికి సాగాయి. ఎత్తనివే అన్నీ. పదమూడు రోజుల కిందట అవి ఆగిపోయాయి. వాటి చివర, నాగలత రాతలాగే కూడీ కూడని వాక్యాలతో ఒక సందేశం ఉంది. మురహరి ఆ పిల్ల భుజం మీదుగా చదివాడు.

'గురువారం పెళ్లి. నువ్వు రా. అత్తగారు ఫోను వద్దు చెప్పారు. నీకు కోపం ఎందుకు. ఒకసారి కనపడు.'

నాగలత ఆ నంబరుకు చేసింది. మోగలేదు. మళ్లీ చేసింది. నాలుగోసారి దాకా మురహరి చూడగలిగాడు, ఆ తర్వాత ఉతుకుడు రాయి కేసి చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని అతను అనుకున్నాడు. కొంతసేపటికి నాగలత అతని దగ్గరకు వచ్చి, అరచెయ్యి తెరిచి, ఫోను అందులో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే మూసింది. ఆ సైగ అర్థం కావడానికి అతనికి ఏ భాషా రానక్కర్లేకపోయింది. తర్వాత లోపలికి వెళ్లి, చాటలో బియ్యం పోసుకుని ఏరడానికి కూర్చుంది.

"నాకెవరూ చెప్పలేదు అమ్మగారూ" అన్నాడు మురహరి.

"కాగితం మీద రాసిచ్చిందన్నావుగా" అన్నారావిడ.

మురహరి ఫోనును మెల్లగా ఆ పిల్ల పక్కన నేల మీద పెట్టాడు. ఆమె తలెత్తలేదు. వాళ్లు గుమ్మం దిగుతుంటే వీరాంజనేయులు వెనకే వచ్చాడు. చెడ్డవాడు కాదు, కూతురి మీద ప్రేమా ఉంది, భయమూ ఉంది.

"ఫోను మళ్లీ ఇచ్చేశాం, బాగానే ఉంది. మళ్లీ రేపట్నుంచి ఏడు గంటలూ దానికే అతుక్కుపోతే? రోజుకి ఎంతసేపు ఇవ్వమంటారో చెప్పి వెళ్లండి సార్."

మురహరి అమ్మగారి వైపు చూశాడు. ఆవిడ వాకిట్లో నిలబడి, లోపల తలొంచుకుని బియ్యం ఏరుతున్న పిల్లను చూస్తున్నారు.

"ఇంట్లో మీరు, మీ ఆవిడ, మీ అమ్మగారు, ముగ్గురున్నారు" అన్నారు వీరాంజనేయులుతో. "మీలో ఎవరు ఆ పిల్లతో రోజుకు ఎంతసేపు మాట్లాడతారో ముందు మా మురహరికి చెప్పండి. ఫోను సంగతి ఆ తర్వాత."