మూపయ్య బొమ్మ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక వాగు, వాగు ఒడ్డున ఏనుగంత నున్నటి బండ. దాని పైఅంచు చూరులా ముందుకు వంగి ఉండేది కాబట్టి ఆ కింద వాన తగిలేది కాదు. ఆ బండ మీద బొమ్మలు వేసేవాడు ఒక కొండముచ్చు. పేరు కుంచెయ్య. తోకే వాడి కుంచె. తోక కొసను రంగులో ముంచి ఒక్క గీత గీశాడంటే, బండ మీద లేడి ఇప్పుడే పరుగు తీస్తుందేమో అనిపించేది. అంత పనితనం. దాంతోపాటు కాస్త పొగరు కూడా ఉండేదనుకోండి.

వాడి రంగులు మూడే. బొగ్గు, తెల్ల సుద్ద, ఎర్రటి జేగురు మట్టి. బొగ్గూ సుద్దా చేతికందే దూరంలోనే దొరికేవి. జేగురు మాత్రం వాగు అవతలి గట్టున ఉండేది. కుంచెయ్యకేమో నీళ్ళంటే చచ్చేంత భయం. మరి జేగురు ఎలా తెచ్చుకునేవాడు?

అందుకు మూపయ్య ఉన్నాడు. మూపయ్య ఒక ముసలి అడవి దున్న. వయసు మళ్ళిన మగ దున్నలు మందను వదిలి ఒంటరిగా బతుకుతాయి, అది వాటి పద్ధతి. అలా ఒంటరిగా వచ్చి ఆ వాగు ఒడ్డున ఉంటున్నాడు. పొద్దున్నే వచ్చి చెట్టు కింద నిలబడేవాడు. కుంచెయ్య కొమ్మ మీంచి దబ్బున ఆయన వీపు మీదికి దూకి, ఎత్తైన ఆ మూపు పట్టుకుని కూర్చునేవాడు. మూపయ్య వాగు దాటి, జేగురు గట్టుకు ఒళ్ళు ఆనించి నిలబడేవాడు. కుంచెయ్య దిగకుండానే మట్టి తవ్వి ఆకులో పొట్లం కట్టుకునేవాడు. మళ్ళీ ఇవతలికి వచ్చాక వీపు మీంచి బండ మీదికి ఒక్క గెంతు! కాలికి తడి తగిలేది కాదు. పల్లకీలో ఊరేగే దొరబిడ్డకు కూడా అంత సుఖం ఉండదు.

ఒకరోజు వాగు దాటుతూ మూపయ్య అడిగాడు.

"నాయనా, నా బొమ్మ కూడా ఒకటి వేస్తావా?"

కుంచెయ్య పకపకా నవ్వాడు. "ఈ వయసులో ఏం సోకు పెద్దయ్యా?"

"సోకు కాదురా. నా కూతురికి దూడ పుట్టిందట. గోరింక చెప్పింది. మంద కొండ అవతల ఉంది కదా, ఎండాకాలంలో నీళ్ళకు ఇక్కడికే వస్తారు. అప్పటిదాకా నేను ఉంటానో ఉండనో. మా తాత ఇలా ఉండేవాడని ఆ దూడకు తెలియాలి. నా మొహం చూడాలి. అంతే."

"ఓస్, అంతేనా! నీ బొమ్మకు జేగురు కూడా అక్కర్లేదు, బొగ్గు చాలు. ఎప్పుడైనా వేసేయొచ్చు. ముందు అడవికోడి పుంజు బొమ్మ పూర్తి కానీ."

మూపయ్య సంబరపడిపోయాడు. బండ మీద ఒక మంచి చోటు ఉంది, కానీ నిండా నాచు పట్టింది. ఆయన రోజూ ఆ నాచును నాలుకతో నాకి నాకి తీసేశాడు. రాయికి రాసుకుని నాలుక పుండైనా ఆపలేదు. తన బొమ్మ కోసం కదా!

పుంజు బొమ్మ పూర్తయింది. "ఇప్పుడు వేస్తావా నాయనా?" అన్నాడు మూపయ్య.

"రేసుకుక్కల నాయకుడు తన బొమ్మ వేయమని కూర్చున్నాడు పెద్దయ్యా. వాడికి కాదని చెబితే ఊరుకుంటాడా? నువ్వంటే మనవాడివి. కొంచెం ఆగు."

రేసుకుక్క బొమ్మా పూర్తయింది. అప్పటికి వానలు మొదలయ్యాయి. మూపయ్య ఈసారి నోరు తెరిచి అడగలేదు. తాను శుభ్రం చేసుకున్న చోటు పక్కన ఊరికే నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే పులి వచ్చింది.

"ఒరే కుంచెయ్యా, నా బొమ్మ వేయాలి. ఇదిగో, ఈ చోటు బాగుంది. అద్దంలా ఉంది" అంది పులి.

అది ఎవరి చోటో కుంచెయ్యకు తెలియదా? బాగా తెలుసు. "మీరు అడగాలా దొరా!" అంటూ తోకకు రంగు అద్దాడు. పులి అడిగితే ఎవరి కళ్ళైనా నెత్తికెక్కుతాయి మరి. మూపయ్య మెల్లగా వాగు వైపు నడిచి వెళ్ళిపోయాడు.

ఇదంతా చూస్తున్న గోరింకకు ఒళ్ళు మండింది. అది రోజూ మూపయ్య ఒంటి మీది పురుగులు ఏరి తినే గోరింక. "రోజూ ఆయన్ని ఎక్కి తిరుగుతావు. ఆయన బొమ్మకు మాత్రం నీకు తీరిక లేదా?" అని కడిగేసింది.

"వేస్తానన్నానుగా! ఆయన ఎక్కడికి పోతాడు?" అన్నాడు కుంచెయ్య.

తెల్లారేసరికి కుండపోత వాన కురిసి వెలిసింది. వాగు ఎర్రగా సుళ్ళు తిరుగుతోంది. పులి చారలు సగంలో ఉన్నాయి. జేగురు అయిపోయింది.

"ఇవాళ వద్దు నాయనా. పైనుంచి ఇంకా నీళ్ళు వస్తున్నాయి. నా కాళ్ళకు తెలుస్తోంది" అన్నాడు మూపయ్య.

"రేపు పులి దొర చూడ్డానికి వస్తాడు పెద్దయ్యా. నా పరువు పోతుంది. ఈ ఒక్కసారికి తీసుకెళ్ళు. తిరిగి రాగానే నీ బొమ్మే. ఒట్టు!"

ఆ మాటకు ముసలాయన చెవులు కదిలాయి. నీళ్ళలోకి దిగాడు.

ఎలాగో వెళ్ళారు. మట్టి తవ్వుకున్నారు. తిరిగి వస్తుండగా వాగు నడుమ ఒక పెద్ద దుంగ కొట్టుకొచ్చి మూపయ్య కాళ్ళకు తగిలింది. ఆయన కూలబడ్డాడు. నీళ్ళు వీపు మీదికి ఎక్కాయి. కుంచెయ్య కెవ్వున అరిచాడు.

"పైన నేరేడు కొమ్మ ఉంది, పట్టుకో నాయనా!" అంటూ మూపయ్య ఉన్న సత్తువంతా కూడగట్టి మూపును పైకి విసిరాడు. కుంచెయ్య గాల్లోకి లేచి కొమ్మ అందుకున్నాడు. తిరిగి చూస్తే కింద నల్లటి వీపు ఒక్కసారి తేలింది, మలుపు దాకా వెళ్ళింది, మళ్ళీ కనిపించలేదు.

కుంచెయ్య చేతిలో జేగురు పొట్లం అలాగే ఉంది. దాన్ని వాగులోకి విసిరికొట్టి వాడు గుండెలు బాదుకుని ఏడ్చాడు. ఇక ఏడ్చి ఏం లాభం చెప్పండి? మర్నాడు పులి రానేలేదు. బొమ్మ సంగతే మరిచిపోయి వేరే అడవికి వెళ్ళిపోయిందట.

కుంచెయ్య తడి ఆకులతో పులి బొమ్మను తుడిచేశాడు. ఆ చోట మూపయ్య బొమ్మ వేయడానికి బొగ్గు తీసుకున్నాడు. తోక ఎత్తాడు. ఎత్తిన తోక అలాగే ఆగిపోయింది.

మూపయ్య కళ్ళు ఎలా ఉండేవి? పెద్దవా, చిన్నవా? నొసలు ఎలా ఉండేది? ఎంత ఆలోచించినా వాడికి గుర్తు రాలేదు. గుర్తు రావడానికి అసలు చూస్తే కదా! చెట్టు మీంచి చూస్తే వీపు, దూకితే వీపు, దిగితే వీపు.

సిగ్గు చంపుకుని గోరింకను అడిగాడు.

"నొసటి మీద బూడిదరంగు జుట్టు ఉండేది. కళ్ళల్లో చూపు మెత్తగా ఉండేది. కాళ్ళు మోకాళ్ళ దాకా తెల్లగా, పాలల్లో నిలబడి వచ్చినట్టు ఉండేవి" అంది గోరింక.

"తెల్లగానా? నేనెప్పుడూ చూడలేదే!"

"కిందికి దిగితే కదా కనబడేది" అంది గోరింక.

అది చెప్పినట్టే మొహం వేశాడు. "ఈయన ఎవరో నాకు తెలియదు" అంది గోరింక. తుడిచి మళ్ళీ వేశాడు. "ఇది ఊళ్ళో గేదెలా ఉంది" అంది. మళ్ళీ తుడిచి, మళ్ళీ వేశాడు. ఈసారి గోరింక జాలిగా చూసి మొహం తిప్పుకుంది.

చివరికి కుంచెయ్య కళ్ళు మూసుకున్నాడు. తనకు తెలిసిందే వేశాడు. ఎత్తైన మూపు, విశాలమైన వీపు, రెండు చెవులు, వాటి పైన కొమ్ముల కొసలు, రెండు పక్కలా చీలిపోతున్న వాగు నీళ్ళు. అంత గొప్ప బొమ్మ వాడు అంతకుముందు వేయలేదు. గోరింక వచ్చి బొమ్మ మీది మూపు దగ్గర వాలబోయి, రాయి తగిలి, భోరుమంది. "ఆయనే! ఆయనే!" అంది.

ఎండాకాలం వచ్చింది. మంద నీళ్ళకు దిగింది. మూపయ్య కూతురు బండ దగ్గర ఆగిపోయింది. ఆమె కళ్ళు నిండాయి. పక్కనే తేనెరంగు దూడ ఉంది.

"చూడు తల్లీ, మీ తాత" అంది.

దూడ బొమ్మను కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత గబగబా బండ చుట్టూ తిరిగి దాని వెనక వైపుకు పరుగెత్తింది. కాసేపటికి బిక్కమొహంతో తిరిగి వచ్చింది.

"అమ్మా, తాత అటు తిరిగి ఉన్నాడు కదా, మొహం చూద్దామని అటు వెళ్ళాను. అటు వట్టి రాయే ఉంది."

మూపయ్య కూతురు చెట్టు మీదున్న కుంచెయ్య వైపు తలెత్తింది. "ఇంత బాగా వేశావు బాబూ, మా నాన్న మొహం ఎందుకు వేయలేదు?"

కుంచెయ్య జీవితంలో మొదటిసారి చెట్టు దిగి నేల మీద నిలబడ్డాడు. తల వంచుకున్నాడు. "నేను చూడలేదమ్మా. అన్నాళ్ళూ ఆయన మీదే తిరిగాను. ఒక్కసారైనా ఎదురుగా నిలబడి ఆయన మొహం చూడలేదు."

మంద నీళ్ళు తాగి కొండ దారి పట్టింది. దూడ మాత్రం కదల్లేదు. బొమ్మ దగ్గరికి వెళ్ళి మూతి ఆనించింది.

"తాతా, నేను వచ్చాను. ఒక్కసారి ఇటు తిరగవా?" అంది.

చెవులు రిక్కించి, తల్లి వచ్చి పిలుచుకుపోయేదాకా అది అక్కడే నిలబడి ఎదురుచూసింది.

నీతి: మనల్ని మోసేవాళ్ళు బతికి ఉండగానే వాళ్ళ ఎదుట నిలబడి కళ్ళారా చూడాలి, వాళ్ళు అడిగిన చిన్న కోరిక అప్పుడే తీర్చాలి. వాళ్ళు పోయాక మన దగ్గర ఎంత పనితనం ఉన్నా ఆ మొహాన్ని తిరిగి తేలేం.