తాళంచెవి ఎవరి దగ్గరుంది?

బియ్యం మిల్లు ఇంజను టుకుటుకుమంటే తప్ప ఊళ్లో పొయ్యి వెలగని రోజులవి. ఇంజనులో నూనె రోజూ తగ్గుతోందని మిల్లు సొంతదారైన జమీందారు, ఇంజను చూసే మేస్త్రీ దస్తగిరిని పట్టుకుని దొంగ అన్నాడు. ఇంజను దగ్గును బట్టే దాని రోగం చెప్పగల దస్తగిరికి మనసు చివుక్కుమంది.

“ఇంజను ఇనప దిమ్మకి, అదే బ్లాకుకి, వెంట్రుకంత పగులుంది దొరా. కారిన నూనెని కింద ఊక పీల్చేస్తోంది.”

“సీమ నుంచి ఓడలో వచ్చిన ఇంజనురా! కారనే కారదు!”

“అయితే నిండా నూనె పోయించి, మిల్లుకి తాళమేసి, తాళంచెవి తమరే ఉంచుకోండి.”

మూడోనాడు తలుపు తీస్తే నూనె మళ్లీ తగ్గింది.

“లోపలికి రాగలిగింది తమరొక్కరే. ఇంజనేమో కారదంటున్నారు. మరి దొంగ...” అని ఆగాడు దస్తగిరి.

“పగులే! పగులేరా!” అన్నాడు జమీందారు.

దస్తగిరి పగుల్లో రాగితీగ కొట్టి బిగించాడు. ఆ ఇంజను మూగబోయి ఎన్నేళ్లయిందో! ఎవరైనా తప్పొప్పుకోకుండా మొండికేస్తే మా ఊళ్లో ఇప్పటికీ అడుగుతారు: “తాళంచెవి ఎవరి దగ్గరుందీ?”