రెండో ఇంజను

పైడిరాజు ఎడమ ఇంజను నూనె బిరడాకి రబ్బరు రింగు మార్చి, బిగించి, చేతులు తుడుచుకున్నాడు. కుడి ఇంజనుకి అదే పని చేయాల్సిన నఫీసా ఇంకా రాలేదు. విమానం సముద్రం దాటాలి. ప్రయాణికులు ఎదురుచూస్తున్నారు. మేనేజరు ఫోను మీద ఫోను చేస్తున్నాడు.

"అదీ నేనే చేసేస్తాను మాస్టారూ," అన్నాడు.

దానియేలు మాస్టారు ఆ షెడ్డుకి పెద్ద ఇంజనీరు. పైడిరాజుకి స్పానరు పట్టడం నేర్పింది ఆయనే.

"కుదరదు."

నడిసముద్రంలో ఒక ఇంజను ఆగిపోతే విమానాన్ని ఒడ్డుకు చేర్చాల్సింది రెండోదే. అందుకే రెండింటికీ ఒకే పనిని, ఒకే పూట, ఒకే మనిషి చేయకూడదు. అది రూలు.

పైడిరాజుకి మండింది. "నా పనిలో ఒక్క తప్పు చూపించండి! ముట్టుకోవద్దనే మాట మా ఊళ్లో విన్నది చాలదా? ఇక్కడ కూడానా?"

మాస్టారి మొహం ఎర్రబడింది. "ఎవరితో అంటున్నావురా ఆ మాట? ఊరి బావి చేద ముట్టుకున్నాడని మా నాన్నని గుంజకు కట్టి కొట్టారు. దానికీ దీనికీ పోలికా?"

గొంతు తగ్గించి, "ఇలా రా," అన్నారు.

బల్ల మీద నేర్చుకునేవాళ్ల కోసం ఉంచిన డబ్బాలు రెండున్నాయి, అడుగున బిరడాలతో. మాస్టారు జేబులోంచి రెండు రింగులు తీసిచ్చారు. "వేసి బిగించు."

పైడిరాజు విసవిసా రెండూ బిగించేశాడు. "చాలా?"

మాస్టారు మొదటి డబ్బాలో నూనె పోశారు. అడుగు నుంచి ఒక బొట్టు జారింది. వెనకే ఇంకోటి. తర్వాత ధార కట్టింది.

"పాత రింగులిచ్చారు! ఇది మోసం మాస్టారూ."

"ఇచ్చాను. వేసేముందు చూశావా?"

పైడిరాజు కారుతున్న డబ్బా కింద గుడ్డ పెట్టాడు.

మాస్టారు నూనె క్యాను రెండో డబ్బా మీదికి వంచారు. పైడిరాజు గబుక్కున అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"పోయకండి. అదీ కారుతుంది."

"ఎందుకురా? ఇది వేరే డబ్బా కదా."

ఫోను మళ్లీ మోగింది. ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

నఫీసా హెల్మెట్ చేత్తో పట్టుకుని పరుగున వచ్చింది. "తిట్టెయ్ తమ్ముడూ, తిట్టెయ్! ఫ్లైఓవర్ మీద ఇరుక్కుపోయాను."

పైడిరాజు తన టార్చిలైటు ఆమె చేతిలో పెట్టాడు.

"ముందు ఎడమ వైపు చూడక్కా. అది నేను బిగించింది."