ఊయల దగ్గర వినబడకూడని పేరు

కోనగిరి రాజు మల్లభూపాలుడికి ఆడపిల్ల పుట్టింది. ఆ మర్నాటి నుంచీ ఆయనకు పేర్ల పిచ్చి పట్టుకుంది. అలాంటిలాంటి పిచ్చి కాదు, అన్నం ముందు కూర్చుని కూడా పేర్లే నమిలేవాడు.

"యాభై ఆరు దేశాల్లో ఏ రాకుమారికీ లేని పేరు కావాలి. దానికో పుట్టుక, ఓ అర్థం ఉండాలి. చెప్పినవాళ్లకు నా మెడలో పచ్చల హారం!" అని చాటింపు వేయించాడు.

చాటింపు వినగానే నిగమశాస్త్రి పల్లకీ దిగాడు. రాజుల పిల్లలకు పేర్లు పెట్టడమే ఆయన పని. భుజాన ఒక శాలువా, దాని మీద ఇంకో శాలువా, మండు వేసవి అయినా సరే! పాపను చూద్దామని అంతఃపురంలోకి వచ్చేసరికి రాణి అక్కమాంబ గొంతు వినబడింది.

"తవిటమ్మా, పాపకు కాటుక పెట్టవే!"

తవిటమ్మ ఊయల ఊపే మనిషి. శాస్త్రి రెండు చెవులూ మూసుకున్నాడు.

"శివశివా! రాకుమారి చెవిన పడాల్సిన పేరేనా అది! ఊయల దగ్గర ఆ పేరు వినబడితే నేను తెచ్చే పేరుకు మైల అంటుతుంది. దీన్ని పంపించెయ్యండి!"

రాజు పేర్ల మత్తులో ఉన్నాడు కదా, సరేనన్నాడు. "బారసాల కాగానే వెళ్లిపో" అని తవిటమ్మతో చెప్పేశాడు.

పుట్టిన రోజు నుంచీ ఆ పిల్ల తవిటమ్మ చేతి ఊపుకే నిద్రపోతోంది. పెట్టె సర్దుకుంటూ కాసేపు కుళ్లికుళ్లి ఏడ్చింది. కానీ ఏడుస్తూ కూర్చునే రకం కాదు ఆవిడ. కళ్లు తుడుచుకుని ఆలోచనలో పడింది.

ఇరవై ఒకటో రోజు బారసాల. చుట్టుపక్కల సంస్థానాల రాణులంతా వచ్చారు. వెండి పళ్లెంలో బియ్యం పోశారు. రాజు బంగారు ఉంగరం పట్టుకుని, బియ్యంలో పేరు రాయడానికి సిద్ధంగా కూర్చున్నాడు. శాస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"తుహినమంజరి! తుహినమంటే మంచు, మంజరి అంటే పూలగుత్తి. లోకంలో ఎవరికీ లేదు!"

"అయ్యో, మా రెండో అమ్మాయిది అదే పేరండీ!" అంది నందికొండ రాణి.

శాస్త్రి కంగారుపడలేదు. "అయితే ఇందుశీకర! వెన్నెల తుంపర అని అర్థం."

"మా మనవరాలు!" అంది వరుసలోంచి ఒక ముసలి రాణి.

"హేమపింఛ! బంగారు నెమలీక!"

"అది మాది!" అని ఇద్దరు రాణులు ఒకేసారి అన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మీకూ ఈయనే పెట్టాడా? లోకంలో ఎవరికీ లేదని శాలువా పట్టుకుపోయాడే!"

రాజు మొహం కందగడ్డ అయింది. ముహూర్తం చూస్తే దాటిపోయేలా ఉంది. అప్పుడు ఊయల పక్క నుంచి తవిటమ్మ లేచింది.

"ప్రభూ, నా దగ్గరో పేరుంది. దానికి పుట్టుకా ఉంది, అర్థమూ ఉంది."

"చెప్పు, చెప్పు!"

"మా అమ్మకు నా ముందు ముగ్గురు పుట్టి పోయారు. నేను పుట్టగానే నన్ను పక్కింటి అవ్వకు చేటెడు తవుడికి అమ్మేసింది. పొద్దు వాలేలోగా మళ్లీ తెచ్చుకుంది. తవుడికి అమ్ముడుపోయిన పిల్ల ఎందుకులే అని యముడు కూడా వదిలేస్తాడట. వదిలేశాడు కూడా! నలభై ఏళ్లొచ్చాయి, గట్టిగా తుమ్మి ఎరగను. అలా వచ్చిందండి తవిటమ్మ అనే పేరు."

రాణి అక్కమాంబకు దుఃఖం ఆగలేదు. అంతకుముందు ఇద్దరు బిడ్డలను పోగొట్టుకున్న తల్లి ఆమె.

"గుర్రాలశాల నుంచి తవుడు తెప్పించండి! నా బిడ్డనూ అమ్మేస్తాను!" అంది.

తవుడు వచ్చింది. అందరూ చూస్తుండగా రాణి చేటెడు తవుడు పుచ్చుకుని పాపను తవిటమ్మ ఒళ్లో పెట్టింది, కాసేపాగి తవుడు తిరిగిచ్చి పాపను తీసుకుంది. రాజు ఉంగరం బియ్యంలో ఆనించాడో లేదో, శాస్త్రి ఒక్క గెంతు గెంతాడు.

"ఆగండి! ఎంత అప్రదిష్ట! రాకుమారికి తవిటమ్మ అని పెడతారా? యాభై ఆరు దేశాలూ తిరిగినవాణ్ని నేను. ఒక్క రాజు ఇంట్లోనైనా, ఒక్క రాకుమారికైనా ఈ పేరు ఉందా?"

తవిటమ్మ రెండు చేతులూ జోడించింది.

"లేదు కదా స్వామీ? ప్రభువు అడిగిందీ అదే!"

రాజు గబగబా బియ్యంలో మూడుసార్లు పేరు రాసేశాడు. తవిటమ్మ మాత్రం ఊరుకుందా? చాలా వినయంగా ఇంకో మాట అడిగింది.

"స్వామీ, ఈ పేరుగలవాళ్లు ఊయల దగ్గర ఉండకూడదన్నారు. ఇప్పుడు ఎవర్ని పంపించమంటారు? నన్నా, రాకుమారినా?"

ముందు రాణులు నవ్వారు. తర్వాత రాజు నవ్వాడు, ఉంగరం జారి బియ్యంలో పడేంతగా. నవ్వుతూనే పచ్చల హారం తీసి తవిటమ్మ మెడలో వేశాడు.

"ఏ తవిటమ్మా ఎక్కడికీ వెళ్లదు! ఊయల ఊపు, పాప నిద్రకొచ్చింది" అన్నాడు.